ఎవరి కొలతకు చేసిన జల్లెడ ఇది?

2025 జనవరి 21న అధ్యక్షుడు ట్రంప్ ఒక్క సంతకంతో అరవై ఏళ్లనాటి ఉత్తర్వును రద్దు చేశారు. ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే కంపెనీలు ఉద్యోగాల్లో జాతి వివక్ష చూపకూడదని 1965లో లిండన్ జాన్సన్ జారీ చేసిన ఉత్తర్వు అది. దాని మీద నడిచిన చర్చ పాఠకులకు తెలిసిందే. ఆ ఏడాదే జులైలో అమెరికా కార్మిక శాఖ ఇంకో ప్రతిపాదన చేసింది. ముసలివాళ్లకు, వికలాంగులకు ఇళ్లలో ఉండి సేవలు చేసే పనివాళ్లకు 2013లో ఒబామా ప్రభుత్వం కనీస వేతనం, ఓవర్‌టైమ్ హక్కులు ఇచ్చింది. వాటిని తీసేసి 1975 నాటి నిబంధనలకు తిరిగి వెళ్తామన్నది ఆ ప్రతిపాదన. ఈ పనివాళ్లలో పదిమందికి ఎనిమిది మందికి పైగా స్త్రీలు. నల్లజాతి వాళ్లు, వలస వచ్చినవాళ్లు, లాటినోలు కలిపితే వాళ్లదే మెజారిటీ. దీని గురించి టీవీల్లో ఎవరూ గొంతులు చించుకోలేదు.

జాతి సమానత్వం, స్త్రీ సమానత్వం అమెరికాలో ఎంతవరకు వచ్చాయో తెలుసుకోవాలంటే ఈ రెండో వార్తే నాకు ముఖ్యం. విశ్వవిద్యాలయాల సీట్ల దగ్గర, పెద్ద కంపెనీల బోర్డు గదుల దగ్గర జరిగే పోరాటాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. కానీ 'నల్లవాళ్లకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టే కాలం పోయాక వివక్ష ఎక్కడ కాపురం పెట్టిందో చూడాలంటే చట్టాల్లో మినహాయింపులు చదవాలి. సమానత్వం మొదటి సెక్షన్‌లో ఉంటుంది. 'ఈ కింది వారికి ఇది వర్తించదు' అన్న వాక్యం ఎక్కడో లోపలి పేజీలో ఉంటుంది. గత తొంభై ఏళ్లలో ఆ వాక్యం పదే పదే వెళ్లి పడింది ఒకే మనిషి మీద. ఆమె ఇంకొకరి ఇంట్లో పనిచేసే నల్లజాతి స్త్రీ.

1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సామాజిక భద్రతా చట్టం తెచ్చింది. ముసలితనంలో పింఛను, ఉద్యోగం పోతే భృతి. అమెరికా శ్రామికుడి బతుకును మార్చిన చట్టం అది, అందులో సందేహం లేదు. అదే ఏడాది సంఘం పెట్టుకునే హక్కుకు ఒక చట్టం వచ్చింది. 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతనం చట్టమైంది. ఈ మూడు చట్టాల నుంచీ వ్యవసాయ కూలీలు, ఇంటిపనివాళ్లు బయటే ఉండిపోయారు. నల్లజాతి అన్న మాట ఆ సెక్షన్లలో ఎక్కడా కనిపించదు. ఆ అవసరమే రాలేదు. నల్లజాతి శ్రామికుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆ రెండు పనుల్లోనే ఉన్నారు. 1940 లెక్కల ప్రకారం పనిచేసే నల్లజాతి స్త్రీలలో పదిమందికి ఆరుగురు ఇంటిపనివాళ్లే.

సామాజిక భద్రతా బిల్లు చట్టం కాకముందే ఈ సంగతి కనిపెట్టి చెప్పిన మనిషి ఒకడున్నాడు. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తరఫున న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ 1935లో సెనెట్ ఆర్థిక కమిటీ ముందు నిలబడి, ఈ బిల్లు ఒక జల్లెడలాంటిది, నల్లవాళ్లలో ఎక్కువమంది జారిపోయేంత కొలతకే దీని కన్నాలు ఉన్నాయని చెప్పాడు. కాంగ్రెస్ కమిటీల్లో పెద్ద కుర్చీలు దక్షిణాది సభ్యులవి. వాళ్ల రాష్ట్రాల్లో నల్లవాళ్లకు ఓటు లేదు, కాబట్టి ఆ సభ్యులు ఎన్నిసార్లయినా గెలుస్తూ వచ్చారు. సభలో ఎంత పాతబడితే అంత పెద్ద కుర్చీ. పత్తి పొలంలో కూలీకి, వంటింట్లో మనిషికి పింఛను వస్తే తమ మాట ఎవరు వింటారన్నది ఆ సభ్యుల వెనకున్న భూస్వాముల భయం.

హ్యూస్టన్ మాట్లాడిన ఆ ఏడాదే ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు వెళ్లి, చూసినదంతా 'ది క్రైసిస్' పత్రికకు రాశారు. జెరోమ్ అవెన్యూలో 167వ వీధి మూల. పొద్దున్నే నల్లజాతి స్త్రీలు వచ్చి గోడకు ఆనుకుని నిలబడతారు. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం సంచి. అందులో పనిలో వేసుకునే పాత బట్టలు. శ్వేతజాతి ఇల్లాళ్లు వచ్చి పైనుంచి కిందికి చూసి, గంటకు ఇంత అని బేరం చేసి తీసుకెళ్తారు. మన నగరాల్లో అడ్డా మీద కూలీలు నిలబడే దృశ్యం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. చెప్పిన గంటలకన్నా ఎక్కువ పని చేయించుకుని, చెప్పిన డబ్బులకన్నా తక్కువ ఇచ్చి పంపిస్తే అడగడానికి ఏ చట్టమూ లేదు. బేకర్, కుక్ ఆ మూలకు పెట్టిన పేరు 'బానిసల సంత'. బానిసత్వం రద్దయి అప్పటికి 70 ఏళ్లు.

బానిసత్వాన్ని రద్దు చేసిన సవరణలో కూడా మినహాయింపు ఉందని మనలో చాలామంది గమనించం. 1865 నాటి 13వ సవరణ బానిసత్వం ఉండరాదని చెబుతూనే 'నేరానికి శిక్షగా తప్ప' అంటుంది. ఆ కొన్ని మాటలు చాలు, దక్షిణాది రాష్ట్రాలు పనీపాటా లేకుండా తిరుగుతున్నారన్న నేరం మోపి నల్లవాళ్లను పట్టుకుని గనులకు, తోటలకు అద్దెకిచ్చాయి. 1868 నాటి 14వ సవరణ చట్టం ముందు అందరూ సమానమంది. అదే సవరణ రెండో సెక్షన్‌లో 'పురుషులు' అన్న మాట మొదటిసారి అమెరికా రాజ్యాంగంలోకి వచ్చింది. 1870లో ఓటుకు జాతి అడ్డు కాదన్నారు, స్త్రీని వదిలేశారు. 1920లో ఓటుకు లింగం అడ్డు కాదన్నారు, దక్షిణాదిలో నల్లజాతి స్త్రీని ఓటరు జాబితా దగ్గరికే రానివ్వలేదు. ఆ తర్వాత 42 ఏళ్లకు, 1962లో, మిసిసిపీలో ఫ్యానీ లూ హేమర్ ఓటరుగా నమోదు చేసుకోవడానికి వెళ్లినందుకు ఏళ్ల తరబడి పనిచేసిన తోట నుంచి ఆమెను వెళ్లగొట్టారు. ఒకసారి జాతి పేరుతో, ఇంకోసారి స్త్రీ పేరుతో తలుపు తెరిచారు. రెండుసార్లూ గడప బయట నిలబడిపోయింది ఒకరే.

నల్లజాతి పౌరహక్కుల ఉద్యమం కూడా ఆమెకు చేసిన అన్యాయం ఉంది, దాన్ని దాటవేస్తే నా వాదనకు నిజాయితీ ఉండదు. బస్సుల్లో జాతి వివక్షకు వ్యతిరేకంగా అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో నల్లవాళ్లు చేసిన బస్సుల బహిష్కరణ అనగానే రోసా పార్క్స్, మార్టిన్ లూథర్ కింగ్ గుర్తుకొస్తారు. 381 రోజులు కాలినడకన పనికి వెళ్లినవాళ్లలో అత్యధికులు శ్వేతజాతి ఇళ్లలో వంట చేసే, బట్టలు ఉతికే, పిల్లల్ని ఆడించే స్త్రీలు. ఆ బహిష్కరణలో వాళ్లతో నిలబడిన మనిషి జార్జియా గిల్మోర్. ఆమె ఒక భోజనశాలలో వంటమనిషి. 1955 అక్టోబరులో బస్సెక్కి, చార్జీ చెల్లించి కూర్చోబోతే డ్రైవరు దిగి వెనక తలుపు నుంచి ఎక్కమన్నాడు. దిగి వెనక్కి నడిచేలోపు బస్సు వెళ్లిపోయింది. డబ్బులూ పోయాయి. ఆ తర్వాత ఏడాది కింగ్ మీద జరిగిన విచారణలో ఆమె ఈ సంగతి సాక్ష్యంగా చెప్పారు. దాంతో ఉద్యోగం పోయింది.

ఆమె అంతకన్నా పెద్ద పని ఒకటి చేశారు. వేయించిన కోడి ముక్కల శాండ్‌విచ్‌లు, కేకులు, చిలగడదుంప పైలు చేసి, తనలాంటి స్త్రీలను కూడగట్టి, క్షౌరశాలల్లో, దుకాణాల్లో అమ్మించారు. ఆ డబ్బు తెచ్చి బహిష్కరణ సభల్లో లెక్క అప్పజెప్పేవారు. జనాన్ని పనులకు తీసుకెళ్లే కార్ల పెట్రోలుకు ఆ డబ్బు పనికొచ్చింది. ఆ బృందానికి ఆమె పెట్టిన పేరు 'క్లబ్ ఫ్రమ్ నోవేర్', అంటే ఎక్కడినుంచీ కాని సంఘం. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే 'ఎక్కడినుంచీ కాదు' అని అబద్ధం కాకుండా చెప్పడానికి. ఇచ్చినవాళ్ల పేరు బయటపడితే వాళ్ల ఇంటిపని పోతుంది కదా. బస్సుల్లో వివక్ష చెల్లదని తీర్పు తెచ్చిన కేసులో వాదులు నలుగురూ స్త్రీలే. వాళ్లలో క్లాడెట్ కాల్విన్‌ను రోసా పార్క్స్‌కు తొమ్మిది నెలల ముందే, పదిహేనేళ్ల వయసులో అరెస్టు చేశారు. అయినా 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో జరిగిన పౌరహక్కుల ప్రదర్శనలో రెండున్నర లక్షల మంది ముందు ప్రధాన ప్రసంగాలన్నీ మగవాళ్లవే. నిర్వాహక కమిటీలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆనా హెడ్జ్‌మన్ ముందే అభ్యంతరం చెబితే, దక్కింది ఒకరిద్దరికి కొన్ని నిమిషాలు.

మరుసటి ఏడాది వచ్చిన పౌరహక్కుల చట్టం ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే అధ్యాయం. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే భాగంలో మొదట స్త్రీల ఊసు లేదు. 1964 ఫిబ్రవరి 8న 'లింగం' అన్న మాట చేర్చాలని సవరణ పెట్టింది వర్జీనియాకు చెందిన హోవర్డ్ స్మిత్, ఆ బిల్లుకే బద్ధ వ్యతిరేకి. ప్రతినిధుల సభలో అనుకూలంగా 168, వ్యతిరేకంగా 133 ఓట్లు వచ్చి అది నెగ్గింది. సెనెట్‌లో ఆ మాటను తీసేస్తారేమోనన్న భయం ఉన్నప్పుడు నల్లజాతి న్యాయవాది పౌలీ మరే ఒక పత్రం రాసి సభ్యులకు చేరవేశారు. లింగం అన్న మాట తీసేస్తే ఈ చట్టం నల్లవాళ్లలో సగం మందికే పనికొస్తుందన్నది ఆమె వాదన. నల్లజాతి స్త్రీకి తనకు ఉద్యోగం ఎందుకు ఇవ్వలేదో, జాతి వల్లో లింగం వల్లో, విడదీసి నిరూపించడం సాధ్యం కాదని ఆమెకు సొంత అనుభవం. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో లా తరగతిలో ప్రథమ స్థానంలో నిలిచిన ఆమెను హార్వర్డ్ స్త్రీ అన్న కారణంతో చేర్చుకోలేదు. జాతి వివక్షకు 'జిమ్ క్రో' అని పేరుంటే, స్త్రీగా తాను పడేదానికి ఆమె 'జేన్ క్రో' అని పేరు పెట్టారు.

ఆ మాట చట్టంలో నిలిచింది. కానీ దాని పక్కనే ఇంకొకటీ నిలిచింది. కనీసం 15 మంది పనివాళ్లు ఉన్న యజమానికే ఆ భాగం వర్తిస్తుంది. మొదట్లో ఈ సంఖ్య ఇంకా పెద్దది, 1972లో 15కు తగ్గించారు. ఏ ఇంట్లో 15 మంది పనివాళ్లుంటారు? అమెరికా చరిత్రలో అంత గొప్పగా చెప్పుకునే చట్టం వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. జార్జియా గిల్మోర్ కూడగట్టిన ఇంటిపనివాళ్లలో ఒకామెను 'నువ్వు నల్లదానివి, పనిలోకి వద్దు' అని ఒక ఇంటి యజమాని మొహం మీద చెప్పినా ఈ భాగం కింద ఆమె కేసు వేయడానికి వీల్లేదు. ఎవరి కాళ్ల మీద ఉద్యమం నడిచిందో వాళ్లనే చట్టం వెనక వదిలేసింది.

ఫ్యాక్టరీలోకి వెళ్లినా తప్పలేదు. సెయింట్ లూయీలోని జనరల్ మోటార్స్ ప్లాంటులో 1964కు ముందు నల్లజాతి స్త్రీలను తీసుకోలేదు. 1970 తర్వాత చేరినవాళ్లను మాంద్యం వచ్చి, చివర చేరినవాళ్లను ముందు తీసేయాలన్న నియమంతో పంపించేశారు. ఎమ్మా డిగ్రాఫెన్‌రీడ్, మరో నలుగురు కోర్టుకు వెళ్లారు. స్త్రీలను ఎప్పటినుంచో తీసుకుంటూనే ఉన్నారు, కాబట్టి లింగ వివక్ష లేదని 1976లో కోర్టు తేల్చింది. ఆ స్త్రీలందరూ శ్వేతజాతివారు. జాతి వివక్ష అంటారా, దాని మీద వేరే కేసు ఉంది, అందులో కలవమంది. రెండింటినీ కలిపి కొత్త హక్కు సృష్టించలేమంది. ఈ తీర్పును తీసుకునే 1989లో న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్షా 'ఇంటర్‌సెక్షనాలిటీ' (కూడలి) అనే తన ప్రసిద్ధమైన సిద్ధాంతం రాశారు. నాలుగు దిక్కుల నుంచి బళ్లు వచ్చే కూడలిలో ఒకామెకు ప్రమాదం జరిగితే, ఏ బండి గుద్దిందో కచ్చితంగా తేలిస్తేనే వైద్యం చేస్తామనడం ఎలా ఉంటుందో ఆ తీర్పు అలా ఉందన్నది దాని సారం. ఇవాళ ఆ మాటను విశ్వవిద్యాలయాల ఊతపదంగా కొట్టిపారేసేవాళ్లకు అది ఐదుగురు కార్మిక స్త్రీల ఉద్యోగాల దగ్గర పుట్టిందని తెలియదు.

ఇదంతా కావాలని చేసింది కాదని వాదించే చరిత్రకారులు ఉన్నారు. ఇళ్ల నుంచి, పొలాల నుంచి పన్ను వసూలు చేయడం కష్టమని 1935లో ఆర్థిక మంత్రి మోర్గెంథా స్వయంగా చెప్పిన మాట నిజం. బయట ఉండిపోయినవాళ్లలో శ్వేతజాతి కూలీలు లక్షల్లో ఉన్నారన్నదీ నిజం. కానీ వసూలు కష్టమన్న కారణం పింఛనుకు సరిపోవచ్చు. సంఘం పెట్టుకునే హక్కు ఇవ్వడానికి ఏ పన్ను వసూలు చేయాలి? కనీస వేతనం విషయంలో ఇంటిపనివాళ్లను 1974 దాకా ఎందుకు ఆపారు? ముసలి తల్లిదండ్రుల సేవకు ఓవర్‌టైమ్ కూడా ఇవ్వాలంటే మామూలు కుటుంబం భరించలేదన్న వాదనను నేను తేలిగ్గా తీసుకోను. అది నిజమైన బాధ. అయితే ఆ ఖర్చును సమాజం పంచుకోవాలి గానీ అందరికన్నా తక్కువ సంపాదించే స్త్రీ జీతంలోంచి కోయకూడదు.

ఆ కోత ఎలా ఉంటుందో ఎవెలిన్ కోక్ జీవితంలో చూడవచ్చు. జమైకా నుంచి న్యూయార్క్ వచ్చి ఇరవై ఏళ్లకు పైగా ముసలివాళ్లకు స్నానాలు చేయించి, తినిపించి, మందులు వేసి, రాత్రుళ్లు కాపలా ఉన్నారు. వారానికి 70 గంటలు పనిచేసిన రోజులున్నాయి. ఓవర్‌టైమ్ అడిగితే లేదన్నారు. 1974లో ఇంటిపనివాళ్లకు కనీస వేతనం ఇస్తూ కాంగ్రెస్ ఒక చిన్న మినహాయింపు పెట్టింది: 'తోడుగా ఉండేవాళ్లకు' వర్తించదని. పొరుగింటి అమ్మాయి అప్పుడప్పుడు పిల్లల్ని చూసుకునే లాంటి పనుల కోసం అనుకున్న మాట అది. కార్మిక శాఖ నిబంధనల్లో దాన్ని సాగదీసి, కంపెనీల ద్వారా పనిచేసే వాళ్లందరినీ అందులో కలిపేశారు. 2007లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా కోక్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారు, ఉదారవాదులని పేరున్నవాళ్లతో సహా. అప్పటికి ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. జీవితమంతా ఇతరులకు చేసిన సేవ తనకు చేయించుకునే స్తోమత ఆమెకు లేదు. 2009లో చనిపోయారు. 2013 నిబంధన ఆ తీర్పు వల్ల కలిగిన సిగ్గు నుంచే పుట్టిందని నా నమ్మకం. 2025 జులైలో తుడిచేస్తామన్నది దాన్నే.

మినహాయింపులు పెట్టే అలవాటు పాతదైపోలేదు. 2023 జూన్ 29న విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని చూడకూడదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందులో ఒక చిన్న పాదసూచిక: సైనిక అకాడమీల సంగతి మేము తేల్చడం లేదు, అక్కడి అవసరాలు వేరు కావచ్చు. అంటే నల్లజాతి యువత యుద్ధభూమికి సిద్ధం కావచ్చు, బోర్డు గదికి కాదు అని న్యాయమూర్తి కేటాంజి బ్రౌన్ జాక్సన్ తన అసమ్మతి తీర్పులో నిలదీశారు. హోటళ్లలో వడ్డించేవాళ్లకు, వాళ్లలో మూడింట రెండు వంతులు స్త్రీలే, కేంద్ర చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లు. మిగతాది కస్టమర్ల టిప్పు. ఆ అంకె 1991 నుంచి కదల్లేదు. ప్రసవంలో, ఆ తర్వాత జరిగే మరణాలు 2023లో లక్ష కాన్పులకు శ్వేతజాతి స్త్రీలలో 14.5, నల్లజాతి స్త్రీలలో 50.3. చట్టం ముందు ఆ ఇద్దరు తల్లులూ సమానమే.

ఇక్కడ తెలుగువాళ్లతో ఒక మాట చెప్పాలి, కటువుగా ఉన్నా సరే. మనం అమెరికాలో ఉన్నది ఆ నల్లజాతి ఉద్యమం తెరిచిన తలుపులోంచి వెళ్లి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయుడు శ్వేతజాతివాడు కాదు, పౌరసత్వానికి అర్హుడు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. 1946లో ఏడాదికి 100 మంది భారతీయులకు అనుమతిచ్చారు. అలబామాలోని సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం నడిచిన నల్లవాళ్లు లాఠీ దెబ్బలు తిన్న 1965లోనే, అక్టోబరు 3న, పుట్టిన దేశాన్ని బట్టి వాటాలు పంచే పద్ధతిని రద్దు చేశారు. అది వేరుగా పుట్టిన దయ కాదు, ఆ ఉద్యమం తెచ్చిన ఒత్తిడి. తర్వాతే మన డాక్టర్లు, ఇంజినీర్లు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఇప్పుడు 'మా పిల్లలకు మెరిట్ ఉంది, రిజర్వేషన్లలాంటివి అక్కడా ఎందుకు' అని న్యూజెర్సీలో, డాలస్‌లో మనవాళ్లు అంటుంటే నాకు బాధేస్తుంది. ఆ మెరిట్‌ను విమానాశ్రయం దాకా రానిచ్చింది ఎవరో తెలుసుకోకపోవడం కృతఘ్నత.

మన ఇళ్ల సంగతీ చూసుకోవాలి. అక్కడ తెలుగు కుటుంబాల్లో పిల్లల్ని చూసుకోవడానికి, అమ్మమ్మలకు తోడుగా ఉండటానికి వచ్చే స్త్రీలు ఉన్నారు. ఇంటిపనివాళ్ల హక్కుల కోసం 2010లో న్యూయార్క్ రాష్ట్రం మొదటి చట్టం చేసింది. 2024లో న్యూజెర్సీ చేసింది. తమ ఇంట్లోనూ ఆ చట్టం ఉందని మనవాళ్లలో ఎందరికి తెలుసు? ఇక ఇక్కడ, హైదరాబాద్‌లో, విజయవాడలో, పనిమనిషికి నెలకు ఎన్ని సెలవులన్నది ఇప్పటికీ ఇల్లాలి మనసును బట్టి ఉంటుంది. ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒప్పందాన్ని ఇప్పటిదాకా అమెరికా ఆమోదించలేదు, భారతదేశమూ ఆమోదించలేదు. ఒకటి జాతి పేరుతో, ఇంకొకటి కులం పేరుతో, రెండు ప్రజాస్వామ్యాలూ వంటింటిని చట్టం బయటే ఉంచాయి. ఇంట్లో జరిగేది పని కాదు, ప్రేమ, సేవ, అలవాటు అన్న నమ్మకం ఉన్నంతకాలం ఆ పని చేసే స్త్రీ ఏ దేశంలోనూ పౌరురాలు కాజాలదు. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల అందుకే.

1968లో అట్లాంటాలో ఈ సంగతి అందరికన్నా స్పష్టంగా అర్థం చేసుకున్న మనిషి డొరొతీ బోల్డెన్. తొమ్మిదేళ్ల వయసు నుంచి ఇళ్లలో పని చేశారు. ఇంటిపనివాళ్లకు ఫ్యాక్టరీ గేటు ఉండదు, అందరూ కలిసే చోటు ఉండదు, ఒక్కో ఇంట్లో ఒక్కరే. వాళ్లందరూ కలిసేది తెల్లవారుజామున బస్సులో. కాబట్టి ఆమె నగరంలోని బస్సులన్నీ ఎక్కి తిరుగుతూ, పక్క సీట్లో కూర్చున్న స్త్రీతో ఎంత ఇస్తున్నారు, ఎన్ని గంటలు చేయిస్తున్నారు అని మాట కలుపుతూ సంఘం కట్టారు. ఆ సంఘంలో చేరాలంటే ఆమె పెట్టిన షరతు, ముందు ఓటరుగా నమోదు చేసుకుని రావాలని.